పడుకున్న ఎనిమిది

మా ఆయన తీసిన ఫోటోల్లో కొండ మీద రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఆకాశంలో పోయే ఉపగ్రహం గీత సూదిమొనతో గీసినట్టుంటుంది. అదే ఫోటోలో కింద నిలబడ్డ నాకు మాత్రం కళ్ళూ ముక్కూ ఉన్నాయో లేవో దేవుడికే తెలియాలి.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నించీ చీకటి గోతుల్లో దిగి, నెత్తిమీద ఓ ఇనప గది వేలాడుతుంటే దాని కింద నిలబడి చేతులకి గ్రీజు పూసుకునే ఉద్యోగం. అలాంటి మనిషికి సాయంత్రమయ్యేసరికి ఆకాశం చూడాలనిపించడంలో తప్పులేదు. కానీ చూసి ఊరుకోవాలి కదా! ఊరుకోడు. ఎవరో వదిలించుకుంటుంటే ఓ పాత కెమెరా, దానికో బరువైన లెన్సూ తెచ్చాడు. అప్పట్నించీ మా మేడ మీద మూడు కాళ్ళ స్టాండు ఒకటి వెలిసింది. పొద్దుగూకాక మనకి వెలుగు పోయినా, అంత పైన తిరిగే ఉపగ్రహాల మీద ఇంకా ఎండ పడుతూనే ఉంటుందట. అవి మెరుస్తూ పోతాయి. కెమెరా కన్ను కాసేపు అలా తెరిచి ఉంచితే ఆ చుక్క కాస్తా గీత అవుతుంది. ఆ గీత ఊరవతల మంచుకొండ శిఖరం మీదుగా పోవాలి, కింద మేము ముగ్గురు ఆడవాళ్ళం నిలబడాలి. అదీ ఆయన ముచ్చట. "ఆకాశమూ, కొండా, మన ఇల్లూ! ఒక్క ఫోటోలో మొత్తం వచ్చేయాలి," అంటాడు. పనిచేసే చోట అందరూ ఆయన్ని ఆకాశరామన్న అంటారు. ఉత్తరాలు రాసే రకం కాదు పాపం, ఎప్పుడూ తల పైకెత్తుకుని ఉంటాడని.

నేను ఓ పెద్ద హోటలు లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తాను. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు. యంత్రంలో ఒక పక్కనించి దుప్పటి పెడితే ఇంకోపక్కనించి వేడివేడిగా వస్తుంది, దాన్ని పట్టుకుని మడతపెట్టాలి. కూర్చుని చేసే పని కాదు. అక్కడున్న ఒకే ఒక్క స్టూలు మీద కూడా దుప్పట్లే కూర్చుంటాయి. ఇంటికొచ్చేసరికి కాళ్ళు నావి కావు. సరిగ్గా అప్పుడే మేడమీంచి కేక.

"ఇదిగో, పాస్ ఉంది! తొందరగా రండి!"

ఉపగ్రహం మన నెత్తిమీంచి పోవడాన్ని పాస్ అంటారట. మా అత్తయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడకి తెలిసిన పాస్ ఒక్కటే. "ఉంటే ఉత్తినే చెప్తావేంట్రా, తీసి చూపించు," అనేది మెట్లెక్కుతూ. ఆ జోకు ప్రతిసారీ వేసేది. ప్రతిసారీ నవ్వొచ్చేది నాకు.

ఇక పైకెళ్ళాక ఆయన పోరు వినాలి. "ఇక్కడ నిలబడు. కాస్త ఎడమకి. గడ్డం ఎత్తు. ఇక కదలకు!" చలిలో, కాళ్ళు పీకుతూ, ఊపిరి బిగబట్టుకుని నిలబడేదాన్ని. తీరా ఫోటో కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే మిగతా ఇద్దరితోపాటు నేనూ అలికేసినట్టు ఉండేదాన్ని. "చూశావా, కదిలావు," అనేవాడు. కదల్లేదండీ బాబూ అంటే వినడు. "మరి కొండ ఎంత బాగా వచ్చిందో చూడు. అది కదల్లేదు కాబట్టి." కొండతో పోటీ పెడితే నేనేం చెప్పను? నోరు మూసుకుని కిందికొచ్చి పొయ్యి వెలిగించుకునేదాన్ని.

అలా తీసినవాటిలో ఆయనకి బాగా నచ్చిందొకటి పెద్దది చేయించి, చెప్పులు విడిచే చోట, గుమ్మం పక్క గోడకి తగిలించాడు. గీత సరిగ్గా శిఖరాన్ని తాకుతూ పోయింది. చూసినవాళ్ళంతా అబ్బా అంటారు. కింద చివర్న ఓ మాసిన బట్టల మూట ఉంటుంది. అది నేను. వచ్చినవాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

అత్తయ్యకి మతిమరుపు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట్లో పొయ్యి మీద పాలు మర్చిపోయేది. అది నేనూ మర్చిపోతాను. తర్వాత వీధి పేరు, తర్వాత వారం పేరు. మా అమ్మాయి కాలేజీ నించి వస్తే "ఎక్కడ దిగాలమ్మా?" అని అడిగేది. అది తెలివైంది, "ఇక్కడే నానమ్మా, దిగేశాను," అని ఆవిడ బుగ్గ మీద ముద్దుపెట్టి లోపలికి పోయేది. తిండి తినిపించడం అయిపోయాక నేను గిన్నె మీద చెంచాతో రెండుసార్లు కొడితే "రైట్ రైట్" అనేది. నవ్వుకునేవాళ్ళం. నవ్వుకోక ఏం చేస్తాం?

నన్ను మర్చిపోయిన రోజు మాత్రం నవ్వు రాలేదు. స్నానానికి తీసుకెళ్ళి చొక్కా గుండీ విప్పబోతే నా చెయ్యి టక్కున తోసేసింది. "ఎవరు నువ్వు? ఒంటిమీద చెయ్యేస్తావేంటి?" అంది. కండక్టరు గొంతు, బస్సు వెనక సీటుదాకా వినపడేది. "నేనే అత్తయ్యా, మీ కోడల్ని," అన్నాను. నా మొహం వంక ఎగాదిగా చూసింది. "మా కోడలు డ్యూటీకి వెళ్ళింది. సాయంత్రం వస్తుంది. అది వచ్చాక చేస్తాలే," అని గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం కోడలు వచ్చింది. కోడల్ని కూడా నమ్మలేదు.

తర్వాత రోజూ అదే తంతు. కొడుకుని గుర్తుపడుతుంది, మనవరాల్ని సగం గుర్తుపడుతుంది, నన్నొక్కదాన్నే పరాయిదాన్ని చేసింది. ఆయనేమో పొద్దున్నే పోతాడు, పిల్ల కాలేజీ నించి మధ్యాహ్నానికి వస్తుంది, అప్పుడు డ్యూటీకి బయల్దేరేలా మార్పించుకున్నాను, అప్పటిదాకా ఆవిడతో ఉండేది నేను. నేనిస్తే మందు మింగదు, నేను పెడితే తినదు. ఒకరోజు కిందికెళ్ళి పాలు తెచ్చుకునేసరికి లోపల గడియ పెట్టేసుకుంది. పొయ్యి వెలుగుతోంది లోపల. "దొంగలకి తలుపు తియ్యను!" అని ఒకటే అరుపు. ఆయన లిఫ్టు పని మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చి పిలిస్తే గానీ తియ్యలేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

డాక్టరు మంచివాడే, తొందరపెట్టలేదు. "మొహాలు పెద్దగా, స్పష్టంగా కనపడే ఫోటోలు ఆవిడ కంటికెదురుగా పెట్టండి. రోజూ చూపించి ఎవరో చెప్పండి. ఒక్కోసారి పనిచేస్తుంది," అన్నాడు. కాస్త ఆగి, "పొద్దుటిపూట ఉండేది మీరొక్కరే. మీ చెయ్యే పడనివ్వకపోతే ఇంట్లో ఉంచుకోవడం ఆవిడకే ప్రమాదం. పెద్దవాళ్ళని చూసుకునే కేంద్రాలున్నాయి, ఆలోచించుకోండి," అన్నాడు. మా ఆయన బూట్లవంక చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి కిందికి చూడ్డం.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కంప్యూటరు ముందు కూర్చున్నాం. అమ్మాయి ఒక్కొక్క ఫోటో తెరుస్తోంది. కొండ, గీత. కొండ, గీత. కొండ మీద మబ్బు, గీత. నా పెళ్ళినాటి ఫోటో అప్పటికే చూపించాం, "ఈ పిల్లకి సగం టికెట్టు," అంది అత్తయ్య. అమ్మాయి ఫోన్లో వెతికితే అన్నీ దాని మొహాలే, ఒకదాంట్లో మాత్రం నా మోచెయ్యి ఉంది. ఇంట్లో కెమెరా ఉండగా ఫోన్లో ఫోటోలేంటని ఆయన ఎప్పుడూ చప్పరించేసేవాడు మరి.

"ఇందులోనూ లేదు," అంది అమ్మాయి. "నాన్నా, అమ్మ ఎందులోనూ లేదు. ఉంది, కానీ నీళ్ళలో ఉన్నట్టుంది."

"కదిలితే అంతే," అన్నాడు ఆయన అలవాటుగా.

అమ్మాయి ఇంకోటి తెరిచింది. కొండ దగ్గరికి బస్సులో వెళ్ళిన రోజుది. మిట్టమధ్యాహ్నం, ఎండ. రెప్పపాటులో తీసిన ఫోటో. మా వెనక కొండ మీద మేకలు కూడా కనపడుతున్నాయి. ముందు నిలబడ్డ మేము ముగ్గురం మూడు మరకలం.

"ఇందులోనూ కదిలామా నాన్నా? ముగ్గురం కలిసి, ఒకేసారి?"

ఆయన లేచి వెళ్ళి కెమెరా తెచ్చుకుని లెన్సు చుట్టూ వేలితో తడుముకుంటూ నిలబడ్డాడు. లెన్సు చుట్టూ నల్ల టేపు. లిఫ్టుల్లో వైర్లకి చుట్టే టేపే.

"ఏంటండీ అది?" అన్నాను.

"ఇక్కడ ఒక గుర్తుంటుంది," అన్నాడు నెమ్మదిగా. "పడుకున్న ఎనిమిదిలాగా. అంటే అనంతం. చాలా దూరంగా ఉన్నవన్నీ స్పష్టంగా రావాలంటే ఈ చక్రం అక్కడికి తిప్పాలి. ఇది వదులు. వెంట్రుకవాసి జరిగినా నక్షత్రాలు అలుక్కుపోతాయి. అందుకని ఓసారి సరిగ్గా కుదిరాక జరక్కుండా..."

"టేపు వేసేశారు."

"వేశాను."

"ఎప్పుడు?"

"కొన్న వారమే."

"మరి దగ్గరున్నవాళ్ళని తీసేటప్పుడు?"

"తిప్పాలి," అన్నాడు. "టేపు తీసి, తిప్పాలి." వెనక బుల్లి తెరలో అన్నీ బాగానే కనిపించేవట. పెద్దది చేసి చూసినప్పుడు ముందు గీతని చూసుకునేవాడు, తర్వాత కొండని. మా దాకా వచ్చేసరికి తప్పెవరిదో ఆయన ముందే తేల్చేసుకునేవాడు.

నాకు ఒళ్ళు మండిపోవాలి నిజానికి. అరవాలి. అరిచే ఓపిక కూడా లేదు. "అయితే ఇన్నేళ్ళూ కదిలింది నేను కాదన్నమాట," అన్నాను అంతే. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను. కళ్ళల్లో నీళ్ళొస్తే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఆయన తప్పు దిద్దుకోవాలని చూశాడు, అది చెప్పాలి. మర్నాడు పొద్దున నేను లేచేసరికి బల్ల దగ్గర కూర్చుని ఆ టేపు గోటితో గీకుతున్నాడు. జిగురు ఎండిపోయి ఊడి రావట్లేదు. లిఫ్టు పనిముట్లన్నీ బయటికి తీశాడు. చివరికి ఊడింది. కింద ఆ ఎనిమిది తెల్లగా, కొత్తదానిలా ఉంది. ఆ పక్కన చిన్నచిన్న అంకెలు కూడా ఉన్నాయి, మనుషులు నిలబడే దూరాలవి. వాటిని ఎవరూ వాడలేదు.

తర్వాతి ఆదివారం నా ఫోటో. నాకు వారానికి దొరికే ఒక్క సెలవు దానికి పోయింది. అమ్మాయి పట్టుబట్టి నాకు తల దువ్వింది, మొహానికి ఏదో రాసింది, బీరువాలో ఎక్కడో అడుగునున్న మంచి బట్టలు కట్టించింది. ఆయన మేడ మీదికి కుర్చీ మోసుకొచ్చాడు. "కూర్చో," అన్నాడు. ఆ మేడ మీద నేను కూర్చోవడం అదే మొదలు.

కెమెరాలోంచి చూస్తూ చక్రం తిప్పుతున్నాడు. అటు, ఇటు. మళ్ళీ అటు. ఎంతసేపటికీ నొక్కడు.

"ఏంటండీ, ఉపగ్రహం రావాలా?"

"నీ కనుబొమ్మ మీద మచ్చ ఉందా?" అన్నాడు కెమెరా వెనకనించి.

"పిల్ల పుట్టకముందునించీ ఉంది. లాండ్రీలో ఆవిరి తగిలింది. మీరే మందు రాశారు."

"అవును," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "జుట్టు బాగా తెల్లబడింది," అన్నాడు.

"అది కూడా ఇవాళ కాదు లెండి."

తల ఎత్తి నావంక చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నవ్వు," అన్నాడు. నవ్వాను. పాపం, నిజంగానే జాలేసింది.

ఫోటో చాలా బాగా వచ్చింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని నవ్వుతున్నాను. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పెద్దది చేయించి అత్తయ్య మంచానికి ఎదురుగా తగిలించి, కింద కోడలు అని రాశాం. పరీక్ష రాసిన పిల్లలాగా తలుపు చాటున నిలబడ్డాను.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "బాగుంది," అంది. "ఎవరీవిడ? ఏ స్టాపులో ఎక్కింది?"

"నీ కోడలమ్మా," అన్నాడు ఆయన.

"నా కోడలా? నా మొహం. ఈవిడెవరో తీరుబడిగా ఉంది," అని అటు తిరిగి పడుకుంది.

రోజూ చూపించాం. రోజూ చెప్పాం. రోజూ ఏ స్టాపులో ఎక్కిందనే అడిగింది. ఓరోజు స్నానాల గదిలో చెంబెత్తి నా మోచేతి మీద కొట్టింది. కమిలిపోయింది. ఆ సాయంత్రం ఆయన చూశాడు. వరండాలోకి పోయి కేంద్రంవాళ్ళకి ఫోన్ చేశాడు. వచ్చి, "సోమవారం తీసుకురమ్మన్నారు. చూసి, నచ్చితే అక్కడే ఉంచెయ్యొచ్చట," అన్నాడు.

"సరే," అన్నాను.

దాపరికం ఎందుకు? ఆ సరే అన్నదాంట్లో సగం హాయి ఉంది. ఇక తలుపు గడియ గురించి భయపడక్కర్లేదు, స్నానం యుద్ధం లేదు. మిగతా సగం ఏంటంటే, ఈ ఇంట్లో నా కాళ్ళనొప్పుల గురించి ఎప్పుడైనా అడిగిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడా నిలబడే బతికింది జీవితమంతా, ఊగే బస్సులో. సాయంత్రం నేను రాగానే వేణ్ణీళ్ళ బకెట్టు ముందుకు తోసి "పెట్టు కాళ్ళు," అనేది. అలాంటి మనిషి నన్ను దొంగ అని తలుపేసుకుంటే ఎలా ఉంటుందో, ఎవరికి చెప్పుకోను? సామాను సర్దుతూ ఆవిడ మేజోళ్ళు మడతపెడుతుంటే నాకు ఏడుపాగలేదు.

సోమవారం పొద్దున టాక్సీ కింద ఆగింది. ఆయన పెట్టె తీసుకుని దిగాడు. అమ్మాయి నానమ్మని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించుకొచ్చింది. నేను చెప్పులు పట్టుకుని నిలబడ్డాను, తొడగనిస్తుందేమోనని. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. లాక్కుని, గోడకి చెయ్యి ఆనించి, అక్కడున్న పెద్ద ఫోటో ముందు ఆగింది. కొండ, గీత, మాసిన బట్టల మూట.

"నానమ్మా, టాక్సీ వచ్చింది," అంది అమ్మాయి.

"ఉండవే." అత్తయ్య కళ్ళజోడు పైకెత్తి మొహం ఫోటోకి దగ్గరగా పెట్టింది. కొండని చూడలేదు. గీతని చూడలేదు. వేలు తీసుకెళ్ళి కింది మూలన పెట్టింది. "ఇదిగో, ఇది మా కోడలు."

మెట్ల మీంచి మళ్ళీ పైకొస్తున్న ఆయన సగంలో ఆగిపోయాడు.

"ఎలా తెలుసు నానమ్మా? మొహమే లేదు కదా అందులో!" అంది అమ్మాయి.

"మొహం దేనికే? చెయ్యి నడుముకి పెట్టుకోలేదూ? మొగుడి మీద కోపం. ఒంటికాలి మీద బరువేసింది చూడు, రెండో కాలు పీకుతోంది దానికి. పొద్దున్నించీ నిలబడి నిలబడి వచ్చింది. వాడు కదలొద్దన్నాడని ఊపిరి కూడా తియ్యకుండా అలాగే నిలబడింది, పిచ్చిది." వెంటనే గొంతు పెద్దది చేసి, వెనక సీటు దాకా వినపడేట్టు అరిచింది. "ఏమయ్యా, కుర్రాళ్ళు కూర్చున్నారు! ఎవరైనా లేచి ఆ అమ్మాయికి సీటివ్వండి!"

నన్ను నేను చూసుకున్నాను. ఒక చేతిలో ఆవిడ చెప్పులు, రెండో చెయ్యి నడుం మీద. కుడికాలు పొద్దున్నించే పీకుతోంది, బరువంతా ఎడమకాలి మీద ఉంది. నేనలా నిలబడ్డానని నాకే తెలియదు.

అత్తయ్య నావైపు తిరిగింది. ఫోటో చూసింది, నన్ను చూసింది. మళ్ళీ నా కాళ్ళవంక చూసింది.

"ఇంకా నిలబడే ఉన్నావేంటే?" అంది.

అక్కడే గుమ్మంలో కూలబడ్డాను. ఆయన తలొంచుకుని మెట్లు దిగాడు, టాక్సీ పంపించేయడానికి. ఆవిడ గోడ పట్టుకుని, తొడగమని కాలు నా ముందుకు చాపింది. ఎక్కడికీ వెళ్ళట్లేదు కదా, అయినా తొడిగాను.